ఒక్కదాన్నే బండి మీద లేహ్ దాకా: నా పదకొండు రోజులు

లేహ్ చేరి మూడు రోజులైంది. కుడిచేతి చిటికెన వేలి తిమ్మిరి ఇంకా పూర్తిగా వదల్లేదు. గుర్తున్నది గుర్తున్నట్టుగా రాసేద్దామని ఇప్పుడే కూర్చున్నాను. బయల్దేరే ముందు నేను చదివిన వాటిలో కనుమల ఎత్తులు, బండ్ల పోలికలు బోలెడు ఉన్నాయి. మధ్యాహ్నం రెండింటికి పొంగుతున్న వాగు ముందు ఒక్కదాన్నే నిలబడితే మనసులో ఏం జరుగుతుందో మాత్రం ఎక్కడా దొరకలేదు. నాకు కావలసింది అదే.

నాది ఎక్స్‌పల్స్ 200. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. రెండూ స్పోకుల చక్రాలు, లోపల ట్యూబులు. ఇంజిన్ అడుగుకీ నేలకీ మధ్య 220 మి.మీ. ఎడం ఉంటుంది. తారు రోడ్డు మీదా రాళ్ల దారిలోనూ నడిచే బండ్లు చాలానే చూశాను గానీ, పడిపోతే నేను ఒక్కదాన్నే లేపగలిగింది ఇదే. ఇంటి ముందు చదునైన నేల మీద మూడుసార్లు పడుకోబెట్టి లేపి చూసుకున్నాకే కొన్నాను.

బండిని చండీగఢ్‌కి రైల్లో పార్సిల్ వేశాను. ట్యాంకులో చుక్క పెట్రోలు ఉండకూడదు, అద్దాలు విప్పేయాలి, గోనెపట్టా చుట్టాలి, ఆర్‌సీ నకలు ఇవ్వాలి. ప్యాకింగ్‌తో కలిపి 6,200 అయింది. ఐదు రోజులకి, అంటే జూన్ 29న, చేతికొచ్చింది. దింపుకున్నాక బండి కదలదన్న సంగతి నాకు ముందే తట్టలేదు. ఎండలో ఒకటిన్నర కిలోమీటరు తోసుకుంటూ బంకు దాకా వెళ్లాను. కొండల్లోకి వెళ్లే ముందే భుజాలు పట్టేశాయి.

ఆ రాత్రి సామాను తూకం వేస్తే 24 కిలోలు. బండి ఒక్కటే లేపడం వేరు, దాని మీద 24 కిలోలతో లేపడం వేరు. రెండో జత బూట్లు, కెమెరా స్టాండు, మూడు జతల బట్టలు, వంట స్టవ్ అన్నీ మర్నాడు పార్సిల్ చేసి ఇంటికి పంపేశాను. 17 కిలోలకి దిగింది. తీయనివి ఇవి: మోకాళ్ల దాకా వచ్చే గమ్‌బూట్లు, 4 లీటర్ల పెట్రోలు క్యాను, చేతి పంపు, టైరు విప్పే లివర్లు రెండు, ప్యాచ్‌లు, ఒక క్లచ్ లివరు, ఒక బ్రేక్ లివరు, 21 అంగుళాల ట్యూబు ఒకటి. 18 అంగుళాల ట్యూబు కొనలేదు. అవసరం పడితే 21 ట్యూబును వెనక చక్రంలోనూ సర్ది బయటపడొచ్చు, 18ది ముందు చక్రానికి చాలదు.

ఫోను కనెక్షన్ కూడా ముందే పోస్ట్‌పెయిడ్‌కి మార్పించుకున్నాను. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు లద్దాఖ్‌లో పనిచేయవు.

బయల్దేరే ముందు అమ్మకి ఒక కాగితం రాసిచ్చాను. ఏ తేదీ రాత్రి ఏ ఊళ్లో ఉంటానో వరసగా, ఎక్కడ సిగ్నల్ ఉండకపోవచ్చో పక్కన. 24 గంటలు ఫోను రాకపోతే కంగారు పడొద్దు, 48 గంటలు దాటితే 112కి చెయ్యమని కింద రాశాను. అమ్మ దాన్ని వంటింట్లో క్యాలెండర్ పక్కన అంటించింది. నేను చేరుకున్న ఊరికల్లా టిక్కు పెడుతుందట.

జూలై 1న చండీగఢ్ నుంచి నార్కండా, 2న కల్పా, 3న నాకో, 4న కాజా. ఈ నాలుగు రోజుల గురించి ఎక్కువ రాయను. రోడ్డు చాలా మేరకు బాగుంది, వర్షం రెండుసార్లు తడిపింది. ఖాబ్ దగ్గర స్పితి నది వచ్చి సట్లెజ్‌లో కలిసే చోట కాసేపు ఆగాను. 996లో కట్టిన టాబో మఠంలో ఆ మట్టిగోడల మధ్య చల్లటి చీకట్లో అరగంట కూర్చున్నాను. ఈ దారినే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. మనాలి మీదుగా వెళ్తే రెండు వేల మీటర్ల నుంచి ఒక్కసారిగా పైకి ఎక్కేస్తాం. కిన్నౌర్ వైపు నుంచి అయితే 2,700, 2,900, 3,600, 3,650 మీటర్లు అంటూ రోజుకి కొంచెం కొంచెంగా ఒంటికి ఎత్తు అలవాటవుతుంది. అయినా కాజాలో మొదటి రాత్రి తల పగిలిపోయింది. అన్నం సయించలేదు. ముందే డాక్టరుని అడిగి తెచ్చుకున్న, ఎత్తు పడనప్పుడు వేసుకునే డయామాక్స్ మాత్ర వేసుకుని, రెండు రోజులు ఎక్కడికీ పోకుండా పడుకున్నాను. రెండో రోజు సాయంత్రానికి ఆకలి వేసింది. ఆ ఆకలి ఎంత సంతోషాన్నిచ్చిందో చెప్పలేను.

కాజాలో ట్యాంకు నింపించుకుని జూలై 7న కుంజుం కనుమ దాటి సిస్సూ చేరాలనుకున్నాను. దాదాపు 150 కిలోమీటర్లు. ఇక్కడే నా మొదటి తప్పు. ఉదయం ఐదింటికి వెళ్లిపొమ్మని ముందురోజు హోటలాయన రెండుసార్లు చెప్పాడు. బయట చలి చూసి, దుప్పట్లోంచి లేవబుద్ధి కాక, ఏడున్నరకి కదిలాను. లోసర్ చెక్‌పోస్టులో పేరు, బండి నంబరు రాయించుకునేసరికి పది. కుంజుం మీద, 4,551 మీటర్ల ఎత్తులో, గాలి హెల్మెట్‌ని పక్కకి లాగేస్తోంది. గుడి చుట్టూ అందరిలాగే ఒక ప్రదక్షిణ చేసి దిగాను. బాతల్ చేరేసరికి పన్నెండు దాటింది.

బాతల్ నుంచి గ్రాంఫూ దాకా యాభై కిలోమీటర్లు. దాన్ని రోడ్డు అనడానికి నాకు నోరు రాదు. తలకాయంత రాళ్లు, వాటి మధ్య నీళ్లు, పక్కన చంద్రా నది. నిలబడి నడపడం, మోకాళ్లతో ట్యాంకును పట్టుకోవడం, చేతులు వదులుగా ఉంచడం, ఇవన్నీ నేర్చుకునే వచ్చాను. మొదటి గంట బాగానే సాగింది. రెండో గంటకి తొడలు వణకడం మొదలైంది. మూడో గంటలో కూర్చుని నడపసాగాను. కూర్చుంటే ప్రతి రాయీ నడుముకి తగులుతుంది.

మూడు గంటల ఇరవై నిమిషాలకి, ఛత్రు ఇంకా కొంచెం దూరం ఉందనగా, దారికి అడ్డంగా వాగు. అక్కడివాళ్లు నాలా అంటారు. పైన మంచు కరిగే కొద్దీ నీళ్లొస్తాయి కాబట్టి తెల్లవారుజామున పాదాలు తడిసేంతే ఉంటుంది, మధ్యాహ్నం దాటితే మోకాళ్ల దాకా వస్తుంది. ఇది నాకు తెలుసు. నడిచి లోతు చూసుకున్నాకే బండి దింపాలనీ తెలుసు. కానీ ఒళ్లు అలిసిపోయింది, అవతల గట్టు పదిహేను అడుగులే కనిపిస్తోంది. ఫస్ట్ గేరులో దిగేశాను.

సగం దాకా వెళ్లాక ముందు చక్రం ఏదో రాయికి తగిలి ఎడమకి తిరిగింది. చూపు అవతలి గట్టు మీద పెట్టాల్సింది, ఆ రాయి మీద పెట్టాను. కాలు కింద పెడితే నేల అందలేదు. బండితో పాటు ఎడం పక్కకి పడ్డాను.

నీళ్లు అంత చల్లగా ఉంటాయని ఊహించలేదు. ఊపిరి ఆగిపోయి, లోపలికీ వెళ్లలేదు, బయటికీ రాలేదు. చెయ్యి దానంతటదే వెళ్లి ఇంజిన్ ఆపే స్విచ్చు నొక్కింది. కాలు బండి కింద ఇరుక్కోలేదు, అది అదృష్టం. లేచి, సామాను సంచుల పట్టీలు విప్పి ఒక్కొక్కటీ గట్టుకి చేర్చాను. తర్వాత బండికి వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో సీటు కింది కడ్డీ పట్టుకుని, కాళ్లతో వెనక్కి తోశాను. ఇంటి ముందు మూడుసార్లు లేచిన బండి ఇక్కడ కదల్లేదు. కాళ్ల కింద రాళ్లు జారిపోతున్నాయి. నాలుగుసార్లు ప్రయత్నించాను. ప్రతిసారికీ మధ్య ఊపిరి అందుకోవడానికి రెండేసి నిమిషాలు. నాలుగోసారి తర్వాత ఇక చేతకాక గట్టు మీద కూర్చుండిపోయాను. గమ్‌బూట్ల నిండా నీళ్లు. నా బండి నీళ్లలో పడి ఉంది, నేను దాన్ని చూస్తున్నాను. చుట్టూ మనిషి లేడు. ఆ పన్నెండు నిమిషాలు నాకు పన్నెండు గంటలు.

రోడ్డు పని చేసే కూలీలు నలుగురు ట్రాక్టర్ మీద వచ్చారు. ఏమీ అడగలేదు. ప్యాంట్లు పైకి మడిచి దిగి ఒక్క ఊపులో బండిని లేపి అవతలి గట్టుకి తోసేశారు. వాళ్లలో పెద్దాయన నా వైపు తిరిగి, "బేటీ, ఈ నీళ్లు పొద్దున మనవి, మధ్యాహ్నం కొండవి" అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. సంచిలో ఉన్న ఖర్జూరాల ప్యాకెట్టు ఇస్తే తీసుకున్నారు.

నీళ్లలో పడ్డ బండిని వెంటనే స్టార్ట్ చేయకూడదు. గాలి వెళ్లే దారిలో నీళ్లుంటే ఇంజిన్ లోపలికి పోయి మొత్తం పాడవుతుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి చూశాను, అంచు తడిసింది, లోపల పొడిగానే ఉంది. ఇంజిన్ ఆయిల్‌లో నీళ్లు కలిస్తే పాలు పోసిన టీ రంగుకి వస్తుంది. రంగు మారలేదు. క్లచ్ లివరు సగానికి విరిగింది, చలికి కొంకర్లు పోయిన వేళ్లతో కొత్తది బిగించడానికి ముప్పావుగంట పట్టింది. ఆరు దాటాక గ్రాంఫూ, ఏడున్నరకి సిస్సూ. గదిలో వేడినీళ్ల బకెట్టుకి వంద రూపాయలు. రెండు బకెట్లు తీసుకున్నాను.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో ఒకే ఒక్క వాక్యం రాసుకున్నాను: మధ్యాహ్నం రెండు దాటాక, ఒక్కదాన్నే ఉన్నప్పుడు, పారే నీళ్లలోకి దిగకూడదు. పక్కన మరో మనిషి ఉంటే ఆ మనిషే "వద్దులే, ఆగుదాం" అంటారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట అనేవాళ్లు ఉండరు. అలిసిపోయిన మనసు ప్రతిదానికీ సరే అంటుంది. అందుకే అలసట లేనప్పుడే రాసి పెట్టుకోవాలనిపించింది.

జూలై 8న కేలాంగ్ వచ్చి ఆగిపోయాను. దారిలో తాండి దగ్గర చంద్రా, భాగా నదులు కలుస్తాయి. అక్కడి బంకులో 13 లీటర్ల ట్యాంకు నిండా పోయించాను, క్యానుకి 4. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల తర్వాతే అని అక్కడ బోర్డు ఉంటుంది. నా బండి కొండల్లో లీటరుకి 33 ఇస్తోంది. ట్యాంకు ఒక్కటే అయినా సరిపోవాలి, క్యాను ధైర్యానికి. ఎయిర్ ఫిల్టర్ ఆరబెట్టాను, చైనుకి నూనె పెట్టాను, బూట్లు పొయ్యి పక్కన ఆరబెట్టడానికి హోటలావిడ ఒప్పుకుంది. అమ్మకి ఫోన్ చేసి పదో తేదీ రాత్రికి లేహ్‌లో ఉంటానని చెప్పాను. కింద పడ్డ సంగతి చెప్పలేదు.

జూలై 9న తొందరగా బయల్దేరాల్సింది. వాగులో పడ్డప్పుడు వంగిన సామాను ఫ్రేముకి వెల్డింగ్ కావాలి. వెల్డింగ్ షాపతను తొమ్మిదన్నాడు, కరెంటు వచ్చేసరికి పదకొండున్నర. 350 రూపాయలు. జిస్పా, దార్చా దాటి పైకి ఎక్కుతుంటే రోడ్డు చక్కగా ఉంది, ఎండ కాస్తోంది. జింగ్‌జింగ్‌బార్ దాటాక మలుపు తిరగ్గానే లారీల వరస కనిపించింది. వాచీలో రెండుంబావు.

కొండ మీంచి దిగిన వాగు రోడ్డుని నిండా కప్పేసింది. వెడల్పు ముప్పై అడుగుల పైనే. నీళ్లు బురద రంగులో ఉన్నాయి, అడుగు కనపడదు. ఇంజిన్ ఆపాక ఒక చప్పుడు వినిపించింది. నీళ్ల హోరు కాదు, దాని అడుగున గడగడమని మరొకటి. రాళ్లు దొర్లుతున్న చప్పుడు. నీటి అంచున, సరిగ్గా తడి మొదలయ్యే చోట, కొబ్బరికాయంత తెల్లరాయి ఒకటి పెట్టి పక్కన కూర్చున్నాను. నీళ్లు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో తెలియాలి కదా. ఇరవై నిమిషాల్లో రాయి సగం మునిగింది. మరో పావుగంటకి కనపడలేదు.

ఈలోగా ఆరుగురు బండ్ల మీద వచ్చారు. ఒక్కో బండిని ముగ్గురు పట్టుకుని దాటించుకుంటున్నారు. నీళ్లు వాళ్ల తొడల దాకా వస్తున్నాయి. నాలుగు బండ్లు దాటాక వాళ్లలో ఒకతను వెనక్కి వచ్చి, "రండి మేడమ్, మీది కూడా దాటించేస్తాం, ఐదు నిమిషాల పని" అన్నాడు. మంచి మనిషి. మనస్ఫూర్తిగానే అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను కూడా. గ్లవ్స్ వేసుకున్నాను. ఒంటరిగా ఉంటే దిగకూడదనే కదా రాసుకున్నది, ఇప్పుడు ఒంటరిని కాదు కదా, అని మనసు లాయరులా వాదించడం మొదలుపెట్టింది. దాటితే ఆ తర్వాత? 4,890 మీటర్ల బారాలాచా కనుమ సాయంత్రం ఐదింటికి. దాని అవతల ఇలాంటి వాగు ఇంకొకటి ఉంటే వీళ్లు ఉండరు, వీళ్ల బండ్లు నాకంటే పెద్దవి, వేగంగా పోతాయి. రాత్రికి సర్చూ, అంటే 4,290 మీటర్లలో పడక. కాజా ఎత్తుకే నాకు తల పగిలింది, సర్చూలో రాత్రి తలనొప్పి వస్తే చీకట్లో ఏ వైపుకి దిగాలన్నా మధ్యలో కనుమ ఎక్కాలి. వద్దని చెప్పాను. అతను అర్థంకానట్టు చూసి, భుజం ఎగరేసి వెళ్లిపోయాడు. మూడు గంటల ఇరవై ఐదుకి బండి వెనక్కి తిప్పాను.

జిస్పా దాకా నలభై కిలోమీటర్ల పైన. ఆ దారంతా ఏడుస్తూనే నడిపాను. భయంతో కాదు. అందరూ ముందుకి పోతుంటే నేనొక్కదాన్నే కిందికి పోతున్నానన్న అవమానం. ఎదురొచ్చే ప్రతి బండివాడూ చెయ్యి ఊపుతుంటే తల తిప్పుకున్నాను. ఇంత డబ్బు, ఇన్ని రోజుల సెలవు, అమ్మతో అన్ని గొడవలు పడి వచ్చింది ఇందుకా అనిపించింది. ఎనభై కిలోమీటర్ల పెట్రోలు వృథా, అంటే రెండున్నర లీటర్లు. ధైర్యానికి తెచ్చుకున్న క్యాను ఇప్పుడు అవసరానికి వచ్చింది. జిస్పాలో ఆ రోజు కరెంటు లేదు, సిగ్నల్ లేదు. 700 రూపాయల గదిలో కొవ్వొత్తి వెలుగులో పప్పన్నం తిని ఏడింటికే పడుకున్నాను.

జూలై 10న నాలుగున్నరకి లేచి, మసక చీకట్లోనే బయల్దేరాను. సీటు మీద తెల్లగా మంచుపొర. ఐదూ యాభైకి వాగు దగ్గరికి చేరాను. లారీలు లేవు, మనుషులు లేరు, గడగడ చప్పుడు లేదు. నా తెల్లరాయి అక్కడే ఉంది. ఒడ్డున, పొడిగా. దానికీ నీళ్లకీ మధ్య నా రెండు బారల దూరం ఉంది.

అయినా ఈసారి గమ్‌బూట్లతో నడిచి చూశాను. మడమ పైకి రాలేదు. నీళ్లు తేటగా ఉన్నాయి, ప్రతి గులకరాయీ కనిపిస్తోంది. చూపు అవతలి గట్టున పెట్టి, క్లచ్ ముట్టుకోకుండా, ఒకే వేగంతో దాటేశాను. పది సెకన్లు కూడా పట్టలేదు. అవతల బండి ఆపి వెనక్కి నడిచొచ్చి ఆ రాయిని తీసి దారి పక్కన పెట్టాను. ఇంటికి తెచ్చుకుందామనిపించింది గానీ, కిలోన్నర ఉంటుంది.

సూరజ్‌తాల్ ఒడ్డున ఇంకా మంచు ఉంది. బారాలాచా మీద ఏడింటికి నేనూ, గాలీ. గ్లవ్స్ రెండు జతలు వేసినా వేళ్లు తెలియలేదు, అప్పుడే చిటికెన వేలు మొద్దుబారింది. సర్చూలో టీ తాగి, గాటా లూప్స్ 21 మలుపులు లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. నకీలా, లాచుంగ్‌లా కనుమలు దాటేటప్పుడు బండి ఊపిరాడనట్టు మూలిగింది. ఐదు వేల మీటర్ల దగ్గర సముద్రమట్టంతో పోలిస్తే గాలి సుమారు సగమే కదా, ఇంజినుకైనా నాకైనా అంతే దొరుకుతుంది. సెకండ్ గేరు దాటలేదు. పాంగ్‌లో ఒంటిగంటకి నూడుల్స్, మళ్లీ టీ. అక్కడే క్యానులోది ట్యాంకులో పోశాను.

మోరే మైదానం ఎక్కగానే చదునైన రోడ్డు. నలభై కిలోమీటర్లు దాదాపు తిన్నగా. పొద్దున రాళ్లలో పట్టు కోసం టైర్లలో గాలి కొంచెం తగ్గించాను. పాంగ్‌లో మళ్లీ నింపాలనుకుని, టీ తాగి, మర్చిపోయాను. రెండు గంటల పదికి రోడ్డు పని జరుగుతున్న చోట తారు అంచు తెగిపోయి ఉంది. డెబ్బై మీద ఉన్నాను. ముందు చక్రం ఆ అంచుకి టప్పున తగిలింది. రెండు వందల మీటర్లు పోయేసరికి హ్యాండిల్ బరువెక్కింది.

గాలి తక్కువున్న టైరు దెబ్బ తగిలితే ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలుగుతుంది. విప్పి చూస్తే పక్కపక్కనే రెండు చిల్లులు, అచ్చం పాముకాటులా. నా బండికి సెంటర్ స్టాండు లేదు. ఇంజిన్ కింది ఇనప పళ్లెం అడుగున రాళ్లు పేర్చి, ముందు చక్రం గాల్లోకి లేచేలా సర్దడానికే అరగంట. ఇరుసు లాగి, చక్రం తీసి, బూటు మడమతో తొక్కి టైరు అంచు రిమ్ము నుంచి విడదీశాను. నాలుగు వేల ఏడు వందల మీటర్ల ఎత్తులో ఐదుసార్లు తొక్కితే గుండె గొంతులోకి వచ్చేది. కూర్చోవడం, తొక్కడం, కూర్చోవడం. చిల్లులకి ప్యాచ్ వేస్తూ కూర్చోకుండా కొత్త ట్యూబే వేశాను. టైరు రెండో అంచు ఎక్కించేటప్పుడు ఎదురు వైపు అంచుని మోకాలితో రిమ్ము మధ్య గుంతలోకి నొక్కి ఉంచితేనే చివరి నాలుగు అంగుళాలు లోపలికి వెళ్తాయి. ఇది తెలియక మొదటిసారి నేర్చుకునేటప్పుడు రెండు ట్యూబులు లివరుతో చీల్చుకున్నాను.

పంపు కొడుతుండగా ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా పంపు నా చేతిలోంచి తీసుకుని మిగిలిన గాలి కొట్టేశాడు. చక్రం ఎక్కించేటప్పుడు ఇరుసు తిన్నగా పట్టుకున్నాడు. "ఒక్కదానివేనా?" అని మాత్రం అడిగాడు. అవునన్నాను. "టాంగ్‌లాంగ్‌లా దాటేదాకా వెనకే వస్తాను" అన్నాడు. మాట తప్పలేదు. 5,328 మీటర్ల ఆ కనుమ మీద హారన్ రెండుసార్లు కొట్టి, కిందికి దిగే దారిలో నన్ను ముందు పోనిచ్చాడు.

లేహ్ చేరే వెలుతురు లేదు. ఆరూ నలభైకి రుమ్‌ట్సే దగ్గర ఒక ఇంట్లో గది అడిగాను. భోజనంతో కలిపి 1,000. సిగ్నల్ లేదు. అమ్మకి ఫోన్ చేస్తానన్న రాత్రి అదే. నేనేమో వెచ్చటి దుప్పట్లో ఉన్నాను, అక్కడ ఆవిడ కాగితం ముందు కూర్చుని ఉంటుందని తెలుసు. నిద్ర పట్టలేదు. వెనక్కి తిరగడం తప్పని ఒక్క క్షణం కూడా అనిపించలేదు గానీ, దాని ఖర్చులో పెద్ద భాగం పడింది నా మీద కాదు.

ఇక్కడిదాకా బండి మీటరు 1,264 కిలోమీటర్లు తిరిగింది. పెట్రోలుకి 3,800, గదులకి 8,900, తిండికి 4,100 దాకా, ఇంటికి పంపిన సామానుకి 640, వెల్డింగూ వేడినీళ్లూ కలిపి 550. రైలు పార్సిల్ వేరు. క్లచ్ లివరు, ట్యూబు ఇంటి దగ్గర కొన్నవే. దారిలో కావాలంటే డబ్బున్నా దొరికేవి కావు.

జూలై 11 ఉదయం ఉప్షీ దగ్గర సింధు నది పక్కకి రాగానే ఫోను జేబులో వణకడం మొదలుపెట్టింది. బండి పక్కకి ఆపి చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు, పెన్ను కోసం వెతుకుతున్న చప్పుడు వినిపించాయి.

"పాంగ్‌కీ లేహ్‌కీ మధ్య నువ్వు ఏ ఊరూ రాయలేదు తల్లీ. రాత్రి ఎక్కడ పడుకున్నావు?"

"రుమ్‌ట్సే అమ్మా."

"నెమ్మదిగా చెప్పు, రాసుకుంటాను. 'రు'కి పక్కన ఏంటి?"